ఆంగ్ల వాక్యమున క్రమమే విభక్తి : పదబంధ వాక్యనిర్మాణ పరిశీలన

1. ప్రస్తావన

దేశభాషా శాఖలలో పనిచేయు మనకు ఆంగ్ల వ్యాకరణముతో గల సంబంధము విచిత్రమైనది. మనము బోధించునవి తెలుగు, తమిళము, ఒడియా, హిందీ మున్నగు భాషలు. కాని ఇతర శాఖలవారితో చర్చించునప్పుడును, సదస్సులలో పత్రములు చదువునప్పుడును చాలవరకు ఆంగ్లమునే ఆశ్రయింతుము. ఇట్లు నిత్యము వాడుటచే ఆ భాష కొరకు పుట్టిన పరిభాష మనకు తెలియకుండగనే మన భాషల వర్ణనలోనికి ప్రవేశించుచున్నది. ప్రవేశించుట దోషము కాదు. అది ఏ భాషాస్వభావమునుండి పుట్టినదో విచారింపకయే వాడుట దోషము.

ఈ మాట ఇతరులను ఉద్దేశించి చెప్పుట లేదు. స్వరాష్ట్రమునకు వెలుపల తెలుగు బోధించుచు గడపిన సంవత్సరములలో నాకే ఒక పాఠము కలిగినది. హిందీ మాతృభాషగా గల విద్యార్థులు కొందరు తెలుగు డిప్లొమా తరగతిలో చేరియుండిరి. వారిలో ఒకడు "మా అన్న వైద్యుడు ఉన్నాడు" అని వ్రాసెను. నేను చివరిమాటను కొట్టివేసి, "తెలుగున ఇట్టిచోట 'ఈజ్' అను క్రియ లోపించును" అని ఆంగ్లములో వివరించితిని. ఆ విద్యార్థి వినయముగనే, "గురువుగారూ, లోపించినదన్నచో అది మొదట ఉండవలెను గదా! ఎప్పుడు ఉండినది?" అని అడిగెను. ఆనాడు నావద్ద తగిన సమాధానము లేకపోయెను.

ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. ఆంగ్ల పదబంధములు, వాక్యభేదములు, వాక్యనిర్మాణము అనువాని మూలసూత్రములను భారతీయ భాషాధ్యేతల దృష్టినుండి ఇందు వివరింప యత్నింతును. నా ప్రతిపాదన సంగ్రహముగా ఇది: మన భాషలలో విభక్తి చేయు పనిని ఆంగ్లమున పదక్రమము చేయుచున్నది, ఆ భాషలో మనకు వింతగా తోచు నియమములలో పెక్కు ఈ ఒక్క కారణమునుండియే పుట్టినవి. ఈ సంగతిని గ్రహించినచో ఆంగ్లము సుబోధమగును. అంతకన్న ముఖ్యముగా మన భాషలు తమ స్వరూపముతో మనకు గోచరించును.

2. విభక్తులు పోయిన భాష

"ది డాగ్ బిట్ ది మ్యాన్" అనగా కుక్క మనుష్యుని కరచెను. ఇందు 'డాగ్', 'మ్యాన్' అను పదములను తారుమారు చేసినచో మనుష్యుడే కుక్కను కరచినవాడగును. తెలుగున "కుక్క మనుష్యుని కరచెను" అన్నను, "మనుష్యుని కుక్క కరచెను" అన్నను కరచినది కుక్కయే. 'ని' అను ప్రత్యయము ఆ పదమును విడువక వెంట నడచును; పదము వాక్యమున ఎక్కడ నిలిచినను కర్మయే. ఆంగ్లమున ఆ గుర్తు పదముపై లేదు. పదము నిలిచిన చోటులో ఉన్నది.

ఆంగ్లము మొదటినుండియు ఇట్లుండలేదు. సుమారు 1150 వరకు వ్యవహారముననున్న ప్రాచీనాంగ్లమున నామవాచకములకు ప్రధానముగా నాలుగు విభక్తులు ఉండెను. విశేషణములును, నేటి 'ది' అను నిర్దేశకమునకు పూర్వరూపమైన పదమును విభక్తిని బట్టి మారుచుండెను. పదాంతమున ఊనిక లేని అచ్చులు క్రమముగా బలహీనమై ఒకదానితో నొకటి కలిసిపోగా విభక్తి భేదములు చెరగిపోయెను, పదక్రమము స్థిరమయ్యెను. నేడు మిగిలినవి షష్ఠీరూపమును, 'హీ–హిమ్', 'షి–హర్', 'దే–దెమ్' వంటి సర్వనామ రూపభేదములును మాత్రమే.

'లైక్' అను క్రియ చరిత్ర ఈ పరిణామమును చక్కగా చూపును. నేడు దానికి 'ఇష్టపడు' అని అర్థము చెప్పుదుము. ప్రాచీనాంగ్లమున దాని అర్థము మన 'నచ్చు' అను క్రియకు సమీపము. నచ్చిన వస్తువు ప్రథమా విభక్తిలోను, ఎవరికి నచ్చెనో ఆ వ్యక్తిని తెలుపు పదము చతుర్థీ విభక్తిలోను ఉండెడివి. అనగా "బాలునకు పండ్లు నచ్చినవి" అను తెలుగు వాక్యము వంటి నిర్మాణమే. చతుర్థీ ప్రత్యయము చెరగిపోయిన పిమ్మట 'బాలుడు' అను పదము ఏ గుర్తును లేక క్రియకు ముందు నిలిచెను. క్రియకు ముందు నిలిచినదే ఉద్దేశ్యమను నియమము బలపడుచుండుటచే, తరువాతి తరములవారు బాలుడే ఇష్టపడినవాడని గ్రహించిరి. పదము కదలలేదు, దాని చుట్టునున్న వ్యవస్థ మారెను. "నాకు తెలియును", "నాకు ఆకలి అగుచున్నది" అను చతుర్థీ నిర్మాణము తెలుగునందే గాక తమిళము, హిందీ, మరాఠీ మొదలగు పెక్కు భారతీయ భాషలలో నేటికిని సజీవముగా నున్నది. ఆంగ్లము ఒకప్పుడు ఈ త్రోవన నడచి, విభక్తులతోపాటు దానిని విడిచినది.

మన శాస్త్రకారులు వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడు కారణములను చెప్పిరి. కొందరు తాత్పర్యమును కూడ చేర్చిరి. పదక్రమమును వీనిలో ఒకటిగా లెక్కింపకపోవుట లోపము కాదు. సంస్కృతమున విభక్తి స్పష్టముగా నుండుటచే దాని అవసరము కలుగలేదు. ఆంగ్ల వాక్యమును ఇదే పద్ధతిలో విచారింపదలచినచో క్రమము అను కారణమును కూడ చేర్చవలెను. ఆంగ్ల వాక్యరచన యంతయు ఆ ఒక్క కారణమునకు వ్యాఖ్యానమని చెప్పినను అతిశయోక్తి కాదు.

కర్త, క్రియ, కర్మ అను ఆంగ్లక్రమము భారతభూమికి అపరిచితము కాదు. మేఘాలయమున వ్యవహరించు ఖాసీ భాషలో క్రియ తరువాతనే కర్మ వచ్చును. కాశ్మీరీ భాషలో ప్రధానవాక్యమునందు సమాపక క్రియ సాధారణముగా రెండవ స్థానమున నిలుచును. కాని ఇండో–ఆర్య, ద్రావిడ, ముండా కుటుంబములకు చెందిన మన భాషలలో అధికభాగము క్రియను చివర నిలుపునవే. కనుక మనలో ఎక్కువమందికి ఈ విషయమున చిక్కు ఒక్కటియే.

ఆంగ్ల వ్యాకరణకర్తలకును ఈ సత్యము తొందరగా తెలియలేదు. లాటిన్ వ్యాకరణమును ఆదర్శముగా గొన్న సంప్రదాయము నామవాచకమున రూపభేదము లేకున్నను విభక్తి నామములను వల్లెవేయించెను. 1795లో వెలువడిన లిండ్లీ మరే వ్యాకరణము ఆ సంప్రదాయమునకు విశేష ప్రచారము కల్పించినది. మన పాఠశాలలలో నెస్‌ఫీల్డు గ్రంథములును, ఆ తరువాత రెన్, మార్టిన్ గార్ల గ్రంథమును పెక్కు తరములకు ప్రమాణములయ్యెను. ఆటో యెస్పర్‌సన్ 1909 మొదలు 1949 వరకు ఏడు సంపుటములుగా వెలువడిన తన వ్యాకరణమున భాషాచరిత్రను ఆధారముగా గొనెను. చార్లెస్ ఫ్రీజ్ 1952లో టెలిఫోను సంభాషణల రికార్డులను ఆధారముగా గొని, పదముల అర్థమును బట్టి గాక అవి నిలుచు స్థానమును బట్టి వాటిని వర్గీకరించెను. నోమ్ చామ్‌స్కీ 1957లో ప్రచురించిన చిన్న గ్రంథముతో వాక్యమే వ్యాకరణమునకు కేంద్రమయ్యెను. రాండల్ఫ్ క్వర్క్, అతని ముగ్గురు సహరచయితలు 1972లోను, 1985లోను ప్రకటించిన బృహద్గ్రంథములు ఈ పరిశోధనల ఫలితములను ఏకత్ర చేర్చినవి.

3. పదబంధము : అద్దములోని ప్రతిబింబము

సమాపకక్రియ లేని పదసముదాయమే పదబంధమని పాఠశాల వ్యాకరణములు చెప్పెను. నేటి వ్యాకరణము దానిని మరొక రీతిగా నిర్వచించును: ఒక ప్రధానపదమును ఆశ్రయించి ఏర్పడిన ఘటకము పదబంధము, ప్రధానపదము ఒంటరిగా నున్నను అది పదబంధమే. ఈ దృష్టితో ఆంగ్లమున ఐదు విధములైన పదబంధములను చెప్పుదురు: నామ పదబంధము, క్రియా పదబంధము, విశేషణ పదబంధము, క్రియావిశేషణ పదబంధము, ప్రిపొజిషన్ పదబంధము.

మనకు మిక్కిలి ఉపకరించునది వీనిలోని పదముల వరుస. "ఆన్ ది టేబుల్" అనగా బల్ల మీద. ఆంగ్లమున ముందు వచ్చిన సంబంధవాచకము తెలుగున వెనుకకు వచ్చినది. "ది ఓల్డ్ మ్యాన్ హూ కేమ్ టు అవర్ హౌస్ యెస్టర్డే" అను నామ పదబంధమును చూడుడు: నిన్న మా యింటికి వచ్చిన ముసలివాడు. 'మ్యాన్' తరువాతి భాగమును చివరినుండి వెనుకకు చదివినచో తెలుగు వరుస వచ్చును. నిన్న, మా యింటి, కి, వచ్చిన. 'హూ' అను సంబంధ సర్వనామమునకు మాత్రము తెలుగున ప్రత్యేకపదము లేదు. 'వచ్చిన' అను క్రియాజన్య విశేషణము ఆ పనిని తానే చేయుచున్నది.

క్రియా పదబంధమున ఈ సంగతి మరింత స్పష్టము. "మైట్ హావ్ బీన్ రైటింగ్" అనుటలో నాలుగు పదములు కలవు. తెలుగున "వ్రాయుచు ఉండి ఉండవచ్చును" అందుము. 'రైటింగ్' అనునది వ్రాయుచు, 'బీన్' అనునది ఉండి, 'హావ్' అనునది ఉండ, 'మైట్' అనునది వచ్చును. ఒక్క పదము కూడ తప్పక తలక్రిందులైనది. సహాయక్రియల వరుస ఆంగ్ల విద్యార్థికి కష్టమనుట వాడుక. కాని తెలుగు మాతృభాషగా గలవాడు ఆ వరుసను బాల్యముననే నేర్చియున్నాడు. దానిని త్రిప్పి చదువుట యొక్కటే అతడు నేర్వవలసినది.

ఐనను ఈ ప్రతిబింబ న్యాయమును అతిగా సాగదీయరాదు. 'రెడ్ ఫ్లవర్', ఎర్రని పువ్వు అను రెండింట విశేషణము విశేష్యమునకు ముందే ఉన్నది. 'మై బుక్', నా పుస్తకము అనుటలోను అంతే. ఆంగ్లమున ఒంటిపదముగానున్న విశేషణము ముందును, పదబంధముగనో ఉపవాక్యముగనో పెరిగిన విశేషణము వెనుకను నిలుచుట సాధారణము. తెలుగున చిన్నదైనను పెద్దదైనను విశేషణము ముందే నిలుచును.

ఈ భేదమువలన సందిగ్ధత కూడ వేరువేరు చోట్ల కలుగును. "ఐ సా ది మ్యాన్ విత్ ది టెలిస్కోప్" అన్నచో దూరదర్శిని చూచినవానిదో, కనబడినవానిదో తెలియదు. చివరనున్న పదబంధము క్రియకును, నామమునకును సమానముగా అన్వయించును. తెలుగున "దూరదర్శినితో ఆ మనుష్యుని చూచితిని", "దూరదర్శిని గల ఆ మనుష్యుని చూచితిని" అని ముందే విడదీయవలెను. మన భాషకు మాత్రము సందేహములు లేవని అనరాదు. "చంపిన పులి" అన్నచో చంపినది పులియో, చచ్చినది పులియో సందర్భమే చెప్పవలెను. ఆంగ్లమున ఉపవాక్యములోని పదక్రమము ఆ సందేహమును తీర్చును. ప్రతిభాషయు ఒకచోట పొదుపు చేసి మరొకచోట వ్యయము చేయుచున్నది.

4. వాక్యాంగములు : ఉద్దేశ్యము కర్త కాదు

ఆంగ్లమున 'సబ్జెక్టు' అనుదానిని మన పాఠ్యపుస్తకములు 'కర్త' అని అనువదించుచున్నవి. ఈ వ్యాసమున దానిని ఉద్దేశ్యము అని వ్యవహరించుచున్నాను. కారణమును మూడు వాక్యములు చూపగలవు. "రామ ఓపెన్డ్ ది డోర్ విత్ ఎ కీ". "ది కీ ఓపెన్డ్ ది డోర్". "ది డోర్ ఓపెన్డ్". మొదటిదానిలో ఉద్దేశ్యము తెరచినవాడు. రెండవదానిలో తెరచుటకు సాధనము. మూడవదానిలో తెరచుకొన్న వస్తువు. పాణినీయ పరిభాషలో చెప్పినచో క్రమముగా కర్త, కరణము, కర్మ. మూడింటికిని ఆంగ్లమున ఒకే స్థానము లభించినది. వివక్షను బట్టి కరణాదులును కర్తృత్వము పొందునని మన వైయాకరణులు ఎరుగుదురు. కర్మయే కర్తగా మారు ప్రయోగమును కూడ వారు విడిగా విచారించిరి. కాని వారు కారకమును వేరుగను, విభక్తిని వేరుగను ఉంచిరి. ఆ వివేకము ఆంగ్లమునకు మరింత అవసరము. ఉద్దేశ్యము స్థానమునకు పేరు. కర్త అర్థసంబంధమునకు పేరు.

ఉద్దేశ్యము స్థానమైనందున అది ఖాళీగా నుండరాదు. తెలుగున "వచ్చితిని" అన్నచో చాలును. క్రియయే పురుషను చెప్పును. ఆంగ్లమున 'ఐ' అను పదమును విడువరాదు. చెప్పవలసిన వస్తువు లేనిచోట కూడ స్థానమును నింపవలసినదే. "ఇట్ ఈజ్ రెయినింగ్" అనుటలో 'ఇట్' అను పదము దేనిని సూచించును? దేనిని సూచింపదు. "దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ది టేబుల్" అనుటలోని 'దేర్' కూడ 'అక్కడ' అను అర్థమును కోల్పోయి స్థానరక్షకముగా నిలిచినది. "అక్కడ ఒక పుస్తకము బల్లమీద ఉన్నది" అని దానిని అనువదించు విద్యార్థి పదమును చూచెను గాని స్థానమును చూడలేదు.

క్వర్క్ ప్రభృతులు ఆంగ్ల ఉపవాక్యమునకు ఏడు మూలనిర్మాణములను చెప్పిరి. అంతకుముందు ఎ. ఎస్. హార్న్‌బీ 1954లో క్రియలను బట్టి ఇరువదియైదు నిర్మాణములను వివరించియుండెను. బోధనకు ఏడింటి పట్టిక సుకరము.

(1) ఉద్దేశ్యము, క్రియ : బర్డ్స్ ఫ్లై.
(2) ఉద్దేశ్యము, క్రియ, కర్మ : షీ రీడ్స్ తెలుగు.
(3) ఉద్దేశ్యము, క్రియ, పూరకము : హీ ఈజ్ ఎ టీచర్.
(4) ఉద్దేశ్యము, క్రియ, అధికరణాది బోధకము : ది బుక్ ఈజ్ ఆన్ ది టేబుల్.
(5) ఉద్దేశ్యము, క్రియ, రెండు కర్మలు : షీ గేవ్ మీ ఎ బుక్.
(6) ఉద్దేశ్యము, క్రియ, కర్మ, పూరకము : దే మేడ్ హిమ్ ప్రెసిడెంట్.
(7) ఉద్దేశ్యము, క్రియ, కర్మ, అధికరణాది బోధకము : హీ పుట్ ది బుక్ ఆన్ ది టేబుల్.

ఇందు ఐదవదానిని, ఆరవదానిని పోల్చవలెను. "హీ కాల్డ్ హర్ ఎ టాక్సీ" అనగా ఆమెకొరకు టాక్సీని పిలిచెను. "హీ కాల్డ్ హర్ ఎ ఫూల్" అనగా ఆమెను మూర్ఖురాలనెను. పదముల వరుస ఒక్కటియే, అర్థసంబంధము వేరు. ఇచట క్రమము చాలదు. క్రియయొక్క ఆకాంక్షయు, పదార్థముల యోగ్యతయు తోడుపడవలెను. క్రమమును చేర్చినంత మాత్రమున ప్రాచీనుల కారణత్రయము నిరుపయోగము కాలేదని ఇందుచే తెలియును.

మూడవ నిర్మాణము నా విద్యార్థి ప్రశ్నకు సంబంధించినది. ఆంగ్లమున కాలమును మోయుటకు క్రియాస్థానము నిండియుండవలెను; అందుచే 'ఈజ్' తప్పనిసరి. హిందీలో 'హై' ఆ పని చేయును. తెలుగున అట్లు కాదు. "నేను వైద్యుడను", "నీవు వైద్యుడవు", "మేము వైద్యులము" అను వాక్యములను గమనింపుడు. పురుషను, వచనమును తెలుపు ప్రత్యయములు నామపదమునకే చేరినవి. విధేయమైన నామమే క్రియవలె ప్రవర్తించుచున్నది. కనుక "మా అన్న వైద్యుడు" అనుటలో ఏదియు లోపింపలేదు. సంస్కృతమున ఇట్టిచోట 'అస్తి' అను క్రియను అధ్యాహారము చేసికొనవలెనని వైయాకరణులు చెప్పిన మాట నిజమే. కాని సంస్కృతమున ఆ క్రియను నిజముగా ప్రయోగించినను వాక్యము చెడదు. తెలుగున 'ఉన్నాడు' చేర్చినచో చెడును. ఈ సమాధానము నాకు తోచునప్పటికి ఆ విద్యార్థి చదువు ముగించి వెళ్ళిపోయెను.

5. ప్రయోజనమును బట్టి వాక్యభేదములు

ఆంగ్ల వాక్యములు ప్రయోజనమును బట్టి నాలుగు విధములు: నిశ్చయార్థకము, ప్రశ్నార్థకము, విధ్యర్థకము, ఆశ్చర్యార్థకము. వీనిని వేరుచేయునది కూడ ప్రధానముగా క్రమమే. నిశ్చయార్థకమున ఉద్దేశ్యము ముందు, క్రియ వెనుక. విధ్యర్థకమున ఉద్దేశ్యము సాధారణముగా ఉండదు; క్రియ మూలరూపముతో ఆరంభమగును. ఆశ్చర్యార్థకమున 'వాట్' గాని 'హౌ' గాని గల పదబంధము ముందునకు వచ్చును. ఉద్దేశ్యక్రియల వరుస మారదు.

ప్రశ్నార్థకమే మనవారికి కష్టము. తెలుగున "రాముడు వచ్చెను" అనుదానికి దీర్ఘమైన ఆకారమును చేర్చి "రాముడు వచ్చెనా?" అన్నచో ప్రశ్న సిద్ధించును. ఆ ప్రత్యయమును ఏ పదమునకు చేర్చిన ఆ పదమే ప్రశ్నకు విషయమగును: "నీవు వెళ్ళినది నిన్ననా?", "నిన్న వెళ్ళినది నీవా?". ఆంగ్లమున అట్టి ప్రత్యయము లేదు. సహాయక్రియ ఉద్దేశ్యమునకు ముందు రావలెను: "ఈజ్ హీ రీడింగ్?". సహాయక్రియ లేనిచో 'డూ' అనుదానిని తెచ్చి నిలుపవలెను: "డిడ్ రామ కమ్?". 'డూ' అనునది ఇచట 'చేయు' అను అర్థమును చెప్పదు. కదలుటకు ఒక పదము కావలెను గనుక వచ్చినది.

మన విద్యార్థుల దోషములలో మిక్కిలి ప్రసిద్ధమైనవి రెండు. "వాట్ యూ ఆర్ డూయింగ్?" అనునది ఒకటి, మన భాషలలో ప్రశ్నాపదము వచ్చినను వరుస మారదు గనుక ఇచటను మార్చరు. "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ" అనునది రెండవది. ప్రశ్నయందు వరుస మార్చవలెనని నేర్చినవారు, అంతర్గత వాక్యమున మార్చరాదని గుర్తింపక చేయునది. మొదటివారికి నియమము తెలియదు. రెండవవారికి నియమము తెలియును, దాని ప్రయోజనము తెలియదు. వరుస మార్పు శ్రోతను అడుగుచున్నానని తెలుపు సంకేతము. "అతడెక్కడ ఉన్నాడో నేనెరుగను" అనునప్పుడు ఎవరిని అడుగుచున్నాము? తెలుగున 'ఓ' అను ప్రత్యయము చేయు పనిని ఆంగ్లమున వరుస మారకుండుటయే చేయుచున్నది. ఈ ఒక్క పోలికను చూపినచో విద్యార్థి మరల తప్పు చేయుట అరుదు.

6. నిర్మాణమును బట్టి వాక్యభేదములు

నిర్మాణమును బట్టి వాక్యములు సామాన్య, సంయుక్త, సంశ్లిష్టములని మూడు తెగలు. ఈ పేర్లు మన పాఠ్యపుస్తకములలోను కలవు. కాని పేర్లు ఒక్కటైనంత మాత్రమున వస్తువు ఒక్కటి కాదు. "హావింగ్ ఈటెన్ హిజ్ మీల్, రామ వెంట్ టు స్కూల్" అను వాక్యమున సమాపకక్రియ ఒక్కటియే గనుక నెస్‌ఫీల్డు సంప్రదాయమున అది సామాన్య వాక్యము. "రాముడు అన్నము తిని బడికి వెళ్ళెను" అనునది మన పుస్తకములలో సంశ్లిష్ట వాక్యము. రెండు పుస్తకములను ఒకే దినమున చదువు బాలుడు ఏమనుకొనవలెను? అసమాపకక్రియతో కూడిన భాగమును కూడ ఉపవాక్యముగా పరిగణించు ఇటీవలి ఆంగ్ల వ్యాకరణము మన వర్గీకరణకు దగ్గరగా వచ్చినది. పేర్లను బోధించుటకు ముందు ఏ లక్షణమును బట్టి ఆ పేరు పెట్టిరో చెప్పుట ఉపాధ్యాయుని ధర్మము.

ఆంగ్ల సంశ్లిష్ట వాక్యమున ఉపవాక్యము నామముగనో, విశేషణముగనో, క్రియావిశేషణముగనో పనిచేయును. "ఐ నో దట్ హీ విల్ కమ్" అనగా అతడు వచ్చునని నేనెరుగుదును. 'దట్' ఉపవాక్యమునకు ముందు నిలిచి ద్వారము తెరచును. 'అని' ఉపవాక్యమునకు వెనుక నిలిచి ద్వారము మూయును. సంస్కృతమున 'ఇతి', మరాఠీలో 'మ్హణూన్', బెంగాలీలో 'బోలే' ఈ 'అని' జాతిలోనివే. 1956లో ఎమెనో భారతదేశమును ఒక భాషాక్షేత్రముగా ప్రతిపాదించిన పిమ్మట ఇట్టి సమానధర్మములు పండితుల దృష్టికి విశేషముగా వచ్చినవి.

అసమాపకక్రియల విషయమున ఒక హెచ్చరిక అవసరము. "వాకింగ్ టు ది స్టేషన్, ది రెయిన్ స్టార్టెడ్" అని వ్రాసినచో ఆంగ్లమున వానయే నడచుచున్నట్లు ధ్వనించును. తెలుగు ఈ విషయమున మిక్కిలి జాగరూకమైన భాష. "నడచుచు పాడితిని" అనుటలో రెండు క్రియలకును కర్త ఒక్కడే. కర్తలు వేరైనచో "నేను స్టేషనునకు నడచుచుండగా వాన మొదలయ్యెను" అని 'గా' చేర్చుదుము. "వానలు కురిసి చెరువు నిండెను" వంటి కార్యకారణ ప్రయోగములు మాత్రము దీనికి అపవాదము. నడచుచు, నడచుచుండగా అను రెండింటికిని 'వాకింగ్' ఒక్కటే సమానార్థకమని నేర్పినచో పై దోషము తప్పదు. దోషము తెలుగుదనమువలన కలిగినది కాదు. తెలుగున ఉన్న భేదమును బోధకుడు చెరిపివేసినందువలన కలిగినది.

7. కర్మణి ప్రయోగము

పదక్రమమే విభక్తియైన భాషలో కర్మను ముందునకు తేవలెనన్నచో ఏమి చేయవలెను? విభక్తి గుర్తు లేని కర్మ క్రియకు ముందు నిలిచినచో ఉద్దేశ్యముగా తోచును. అందుచే ఆంగ్లము క్రియారూపమునే మార్చి కర్మను ఉద్దేశ్యస్థానమునకు తెచ్చును. కర్త తెలియనప్పుడును, చెప్పనక్కర లేనప్పుడును ఆ మార్గమునే అనుసరించును. ఆంగ్ల శాస్త్రరచనలలో కర్మణి ప్రయోగము విరివిగా నుండుటకు ఇది ముఖ్యకారణము.

తెలుగునకు ఆ ఇబ్బంది లేదు. "బాలవ్యాకరణమును చిన్నయసూరి 1858లో ప్రకటించెను" అని కర్మను ముందుంచియే కర్తరి ప్రయోగము చేయగలము. కర్తను చెప్పనక్కర లేనిచో "ఈ గుడిని పదమూడవ శతాబ్దమున కట్టిరి" అన్నచో చాలును. 'బడు' ధాతువుతో కర్మణి ప్రయోగము మన వ్యాకరణములు ఎరిగినదే. సంస్కృత గ్రంథములను తెనిగించునప్పుడు వాడినదే. దానిని నిషేధింపవలెనని నా అభిప్రాయము కాదు. కాని నేడు వార్తలలోను, ప్రభుత్వ ప్రకటనలలోను, మన పరిశోధన వ్యాసములలోను "అధికారులచే నిర్ణయము తీసికొనబడినది" వంటి వాక్యములు పుంఖానుపుంఖములుగా వచ్చుచున్నవి. ఇవి ఆంగ్లమున ఒక అవసరమునుండి పుట్టిన నిర్మాణమును, ఆ అవసరము లేని భాషలోనికి తెచ్చుటయే. "అధికారులు నిర్ణయించిరి" అన్న మూడింట ఒకవంతు శ్రమతో అర్థము సిద్ధించును. పైగా కర్త స్పష్టమగును. ఎవరు చేసిరో దాచుటకు వీలుండదు.

బాలవ్యాకరణమున సంజ్ఞ మొదలు ప్రకీర్ణకము వరకు పది పరిచ్ఛేదములు కలవు. వాక్యమునకు ప్రత్యేక పరిచ్ఛేదము లేదు. కారకము, క్రియ, కృదంతము అనువానిలోనే వాక్యవిచారము ఇమిడియున్నది. ప్రత్యయములే సంబంధములను చెప్పు భాషకు అట్టి ప్రణాళిక సహజము. 1975లో చేకూరి రామారావు గారి 'తెలుగు వాక్యం' వెలువడిన పిమ్మటనే తెలుగు వాక్యమును ప్రత్యేకముగా విచారించు మార్గము సుగమమయ్యెను. ఆ మార్గము ఆధునిక భాషాశాస్త్ర పద్ధతులను స్వీకరించియు తెలుగు వాక్యమును తెలుగు వాక్యముగనే చూచినది. మనకు కావలసిన ఆదర్శము అది.

8. ఉపసంహారము

ఇంతవరకు చేసిన విచారమునుండి బోధకులు గ్రహింపదగినవి మూడు. ఆంగ్ల వాక్యమును బోధించునప్పుడు పదముల పేర్లకన్న ముందు స్థానములను బోధించవలెను. అనువదించునప్పుడు ఆంగ్లమున ఎవరు ఏ స్థానమున ఉన్నారని గాక, ఎవరికి ఏ కారకసంబంధము కలదని ముందుగా విచారించి, పిదప మన భాషలో దానికి సహజమైన విభక్తిని వెదకవలెను. మన భాషలను వర్ణించునప్పుడు 'లోపము', 'మినహాయింపు' అను మాటలు కలమునకు వచ్చినచో ఒక్క క్షణము ఆగి, ఏ భాషను ప్రమాణముగా గొని లోపమనుచున్నామో ప్రశ్నించుకొనవలెను.

డిప్లొమా తరగతిలో నేను నేడును "మా అన్న వైద్యుడు" అను వాక్యముతోనే నామవిధేయ పాఠమును ఆరంభింతును. "నేను వైద్యుడను", "నీవు వైద్యుడవు" అను రూపములను దాని ప్రక్క వ్రాసి, క్రియ ఎక్కడ ఉన్నదో విద్యార్థులనే చూపుమందును. 'లోపించును' అను మాటను మాత్రము ఆ తరగతిలో మరల వాడలేదు.